మొదటి చెయ్యి

"మళ్లీ నువ్వేనా?" అంది డాలీ.

మంగళవారం వచ్చిందంటే చాలు, సోములమ్మ అనే ఆ ముసలామె కొండ దిగి వచ్చి, ఆరోగ్య కేంద్రంలో అందరికంటే ముందు బల్ల మీద చెయ్యి చాచేది.

"బేగి తియ్యి సిస్టరమ్మా, రగతం."

"పోయిన వారం తీసేను కదా అవ్వా!"

"ఐతే ఏటి? ఈ వారందీ తియ్యి."

ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు సూది వైపే గుడ్లప్పగించి చూస్తుండేవారు.

డాలీది సాలూరు. అరకు కొండల్లోకి నర్సుగా వచ్చి నాలుగు నెలలైంది. పై ఊళ్లలో ముప్ఫై మంది ఆడవాళ్లకు థైరాయిడ్ కొంచెం తగ్గిందని క్యాంపులో తేలింది. ఎందుకు తగ్గిందో తెలియాలంటే ఇంకోసారి రక్తం కావాలి. కడుపుతో ఉన్నవాళ్లకైతే మరీ ముఖ్యం.

మొదట్లో ఒక్కరూ దిగలేదు. దోషాలు తీసే గురుమాయి వద్దందట! ఆమె మాట కొండ మీద ఎవరూ జవదాటరు. దొరికితే నాలుగు దులిపెయ్యాలని డాలీకి మహా కసిగా ఉండేది. ఇప్పుడు వారానికి నలుగురైనా వస్తున్నారంటే తన మాటల చలవేనని నమ్మకం.

"ఇంతకీ ఏటి సూత్తారమ్మా ఇందులో?" అంది సోములమ్మ ఒకసారి.

"ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి, మెడలో గ్రంథిని తినేస్తందేమో చూస్తారు."

"బయట దెయ్యం కాదా?"

"కాదు. లోపలిదే."

"మరైతే కోడిని కోత్తే పోదు," అని తల పంకించింది సోములమ్మ.

డాలీకి నవ్వు కూడా రాలేదు. సూది, దూది, సీసా, పేరు. చేసిందే చేసీ చేసీ మనసు మొద్దుబారిపోయింది. ముసలామె పోరు పడలేక రక్తం తీసేది, పారేసేది.

పోయిన మంగళవారం ఓపిక చచ్చింది.

"బిస్కెట్ల కోసం వస్తన్నావా? లే. ఇంక నీ చెయ్యి ముట్టుకోను."

"ఒక్కసారి సిస్టరమ్మా. ఊరికే గుచ్చు."

"లెమ్మన్నానా!"

సోములమ్మ లేచింది. వెనకున్న ఐదో నెల గర్భిణి ఆమె మొహంలోకి చూసి తనూ లేచిపోయింది. తక్కినవాళ్లూ అంతే. పీడా విరగడైంది అనుకుంది డాలీ.

ఈ మంగళవారం పన్నెండు దాటినా ఎవరూ దిగలేదు. ఆశా వర్కరు రమణి ఒక్కతే వచ్చింది.

"ఏరీ మీవోళ్లు?"

"రారు సిస్టర్. గురుమాయి పోయినాది. జొరం. ఆదివారమే మట్టి సేసేసినాం."

"పోనీలే, అడ్డు తొలగింది. ఇప్పుడైనా ఆ కడుపుతో ఉన్న గుంటని తీసుకురా."

రమణి అదోలా చూసింది.

"అడ్డేటి సిస్టర్? మొదట వొద్దన్నా, తరవాత ఆవిడ తెత్తేనే కదా ఇన్నాళ్లూ వొచ్చినారు!"

"ఆవిడా? నేనెప్పుడూ చూడలేదే!"

అంటూనే డాలీ ఆగిపోయింది. చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది.

"'ముందు నాకు గుచ్చనీండి, నాకేటీ కాపోతే మీరియ్యండి' అని, వారం వారం ఈ బల్ల మీద మొదట చెయ్యి పెట్టింది ఆవిడే కదా సిస్టర్," అంది రమణి.