మామ్మ మాట

"ఈ పిల్ల లేకపోతే ఆ మామ్మ ముద్ద ముట్టదండీ. అంతకంటే నేనేం చెప్పను?" అంది పెద్ద సిస్టర్.

ఎదురుగా కూర్చున్న వీసా ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. అంతటి మనిషి వృద్ధాశ్రమం దాకా రావడమే వింత. వచ్చిన పని, అక్కడ పనిచేసే నర్సింగ్ విద్యార్థిని గురించి. ఆమె చదువు పూర్తయింది. నెలాఖరుకి స్టూడెంట్ వీసా గడువు తీరిపోతుంది. ఆశ్రమం ఉద్యోగం ఇస్తానంది గనక దాన్ని వర్క్ వీసాకి మార్చాలి. ఆ ఉద్యోగం చెయ్యగలవాళ్ళు ఇక్కడ మరొకరు లేరని ఆఫీసరుకి నమ్మకం కుదిరితేనే అది జరుగుతుంది.

"నర్సులకి కరువొచ్చిందా?" అన్నాడాయన.

"నర్సులకి కరువు లేదు సార్. మామ్మ గోడు అర్థమయ్యేవాళ్ళకే కరువు."

మామ్మ ఎప్పుడో వయసులో ఉండగా సముద్రం దాటి వచ్చిన మనిషి. ముసలితనం మీదపడ్డాక, ఇక్కడ నేర్చుకున్న భాషంతా తుడిచిపెట్టుకుపోయి పుట్టినింటి భాష ఒక్కటే మిగిలింది. అది ఆశ్రమంలో ఎవరికీ రాదు. ఉన్న ఒక్క కొడుకూ ఓడ మీద ఉద్యోగి, ఫోనుకి దొరకడమే గగనం. మామ్మ కొన్నాళ్ళు అరిచింది, కంచాలు విసిరింది. చివరికి గోడవైపు తిరిగి పడుకుని నోరు కట్టేసుకుంది. పెద్ద సిస్టర్ తన ఉద్యోగంలో ఎంతోమంది మొండివాళ్ళని చూసింది గానీ, గోడతో కాపురం చేసే మనిషిని చూడలేదు.

అలాంటప్పుడు వచ్చింది చదువులపిల్ల. కాలేజీ లేని పూటల్లో పనికి వస్తుందని అందరూ పెట్టిన పేరది. రాగానే గోడకీ మంచానికీ మధ్య సందులో స్టూలు ఇరికించుకుని కూర్చుంది. మామ్మ ఏదో గొణిగింది. పిల్ల తలూపింది. వారం తిరక్కుండా మామ్మ గలగలా మాట్లాడసాగింది. ఎంతసేపు మాట్లాడినా పిల్ల అడ్డుపడేది కాదు. మామ్మ చూపు ఎటు పోతే తన చూపూ అటే. ఆనక లేచి దిండు సర్దేది, పాలు కాస్త వెచ్చబెట్టి తెచ్చేది.

"మామ్మకి ఎండ కళ్ళలో పడుతోంది సిస్టర్, మంచం జరుపుదాం."

"ఇవాళ మనసు బాగాలేదు, స్నానం రేపు చేయిద్దాం."

ప్రతిసారీ సరిగ్గా అదే. మామ్మ నెమ్మదించేది. గుమ్మంలో నిలబడి చూస్తుంటే సిస్టర్‌కి గుళ్ళో నిలబడ్డట్టుండేది.

"మీరిద్దరూ ఒకే వైపు వాళ్ళా?" అని ఒకసారి అడిగింది.

"ఇద్దరం దూరం నుంచి వచ్చినవాళ్ళమే కదా" అని నవ్వేసింది పిల్ల.

సిస్టర్ అనుమానం తీరిపోయింది.

"మరి వీసా రాకపోతే?" అని మొన్న అడిగితే మాత్రం పిల్ల నవ్వలేదు. "పెట్టె సర్దుకునే ఉన్నాను సిస్టర్. మామ్మకి ఎలా చెప్పాలో తోచట్లేదు" అంది.

ఆఫీసరు లేచాడు. "చెబితే సరిపోదమ్మా. నేను చూడాలి."

కలిసొచ్చే కాలానికి అన్నట్టు, మామ్మ కొడుకు ఆ ఉదయమే ఓడ దిగి నేరుగా ఆశ్రమానికి వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆఫీసరు ఆయన్ని వెంటబెట్టుకుని మామ్మ గదికి నడిచాడు. సిస్టర్ వెనకే వెళ్ళింది. పిల్ల అప్పటికే మంచం పక్కన ఉంది.

"మీరేం మాట్లాడొద్దు" అన్నాడు ఆఫీసరు కొడుకుతో. "మీ అమ్మ చెప్పింది ముందు ఈ అమ్మాయి చెబుతుంది. తప్పొప్పులు తరవాత మీరు చెప్పండి."

మామ్మ కొడుకుని చూసింది. పెదవి వణికింది. ఇక మాటలు వానలా కురిశాయి. ఒకసారి గొంతు హెచ్చింది, ఒకసారి చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. తలుపువైపు చూసి ఉన్నట్టుండి ఆగి, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమంటోంది?" అన్నాడు ఆఫీసరు.

పిల్ల కాసేపు మామ్మనే చూసింది.

"కొడుకొచ్చాడని సంతోషం సార్. కానీ ఇన్నాళ్ళూ రాలేదన్న కోపం ముందు బయటపడింది. ఎడమ భుజం సలుపుతోంది. మీరెవరో తెలీక మామ్మ బెదురుతున్నారు, నన్ను తీసుకుపోవడానికి వచ్చారని. ఆ తలుపు దగ్గర్నుంచి కాస్త ఇటు జరుగుతారా?"

ఆఫీసరు తనకు తెలియకుండానే జరిగాడు. మామ్మ పట్టు సడలింది. ఊపిరి కుదుటపడింది.

"నిజమేనా?" అన్నాడాయన కొడుకుతో.

కొడుకు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "కోపం నిజం, భుజం నిజం. భయం మాత్రం అమ్మ పైకి అనలేదు. కానీ భయపడితే అమ్మ అలాగే చెయ్యి పట్టుకుంటుంది. నేనే మరిచిపోయాను."

ఆఫీసరు మరి ప్రశ్నలు వెయ్యలేదు. ఫైలు గోడకి ఆనించి సంతకం పెట్టి, "ఇక్కడే ఉండు తల్లీ" అన్నాడు.

కొడుకు పిల్ల ముందుకొచ్చి తన భాషలో మొదలుపెట్టాడు. నవ్వుతూ, ఏడుస్తూ, ఓడల్లో మూటగట్టుకున్నదంతా కుమ్మరించాడు. పిల్ల ఆయన ముఖంలోకే చూస్తూ చివరిదాకా వింది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఆయన బదులు కోసం చూశాడు.

"మన్నించండి, నాకు మీ భాష రాదు" అంది పిల్ల.