వెన్న తేలిన మజ్జిగ

"ఏయ్ అమ్మా, పో అవతలికి! ఉరికేటోళ్ళు తప్ప రోడ్డు మీద ఒక్కరు ఉండొద్దు!" అని వాలంటీరు బెత్తం ఊపాడు.

అచ్చమ్మ వింటేనా! చంకలో మజ్జిగ కుండ, దాని మూతికి తడిగుడ్డ. అట్లాగే నిలబడి మొగుడికి గుక్కెడు తాగించి గానీ కదల్లేదు.

"బస్సుల వచ్చి దురాజ్‌పల్లికాడ ఉంటవా?" అన్నాడు యేసయ్య.

"ఉంటగాని, నువ్వు మొదాల్నే ఎగపోసుకోకు. ఇది రెండు నిమిషాల్ల ఖతమయ్యే పందెం గాదు."

యేసయ్య భయమూ అదే. అనంతగిరిలో కూలికి పోయే మనిషి. పొట్టి పందెమంటే జిల్లాలో అతని ముందు నిలిచిన మగాడు లేడు. ఇదేమో సూర్యాపేట నుంచి కోదాడ దాకా, పాతిక మైళ్ళ పైమాటే. పెట్టింది డ్రిల్లు మాస్టరు రామ్మూర్తి గారే. గెలిచినవాడు హైదరాబాదు పోటీకి పోతాడు. అక్కడ పరుగెత్తాలన్నది యేసయ్యకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న ఆశ.

రామ్మూర్తి గారు సైకిలు ఆపి ఒక కాలు నేల మీద పెట్టారు.

"చూడు యేసయ్యా, లోకంలో పేరుమోసిన మొనగాళ్ళకే పొట్టి పందెం వస్తే పొడుగు పందెం రాదు. రెండూ గెలిచేవాడు ఎక్కడో ఒకడు. ఇయాల గెలిస్తే నిన్ను హైదరాబాదుకు నేనే తోలుకపోత. ఓడిపోతే మళ్ళ నన్ను అడగొద్దు."

"మరి ఆడోళ్ళ పందెం ఎంత దూరముంటది సారూ?" అన్నది అచ్చమ్మ.

మాస్టరు గారికి నవ్వొచ్చింది. "మొన్న అరవైనాలుగు ఒలింపిక్సులో కూడా ఎనిమిది వందల మీటర్లే. అది మించితే ఆడ ఒళ్ళు తట్టుకోదంటరు. మగవాళ్ళ రికార్డుతో పోల్చి చూద్దామన్నా, ఆడవాళ్ళకు అంత పెద్ద పందేలే లేవు."

"ఉరకనిస్తే గద సారూ ఉండేది! ఎండ ముదరకముందే కూలోళ్ళకు అంబలి అందాలంటే మేం నడుచుకుంట పోతమా?"

"అంబలి మోసుడు, పందెం ఒకటేనా తల్లీ!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. యేసయ్యకూ నవ్వొచ్చింది కానీ, అచ్చమ్మ మొహం చూసి మింగేశాడు.

ఈల మోగింది. ఆ పూటకు లారీలనూ బండ్లనూ ఆపేశారు, సర్వీసు బస్సులను మాత్రం వదిలారు. ఊరు దాటిన కాసేపటికే ఒక బస్సు హారను కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది. కిటికీల నిండా తలకాయలే. అచ్చమ్మ ఎక్కడుందో యేసయ్య కంటికి ఆనలేదు.

దురాజ్‌పల్లిలో మాత్రం రోడ్డు వారగా కుండతో సిద్ధంగా ఉంది.

"సీటు దొరికిందా?"

"నేనొచ్చిన గదా. మాటలు ఆపి తాగు."

"ఆ పల్లేరుకాయలేందే, చీరంత?"

"రోడ్డు మీద నిలబడనిస్తున్నరా? చేలల్లకు తోలుతున్నరు."

మునగాల వచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. సగం మంది ఎక్కడి వాళ్ళక్కడ కూలబడ్డారు. అచ్చమ్మ పోసిచ్చిన ముంత యేసయ్య ఎత్తి చూస్తే మజ్జిగ మీద తెల్లగా వెన్న బిళ్ళలు.

"ఏందే, వెన్న తియ్యకుంటనే తెచ్చినవా?"

"తీసిందే. ఏదో మిగిలింటది, కుదుపులకు తేలింది."

"ఇగ మన ఊర్ల కవ్వాలు దండుగ. బస్సుల పెట్టి తిప్పితే చాలు!"

అచ్చమ్మ పకపకా నవ్వి, కొంగుతో తన మొహం తుడుచుకుని అతని మొహమూ తుడిచింది.

ఆకుపాముల ఊరి దగ్గర కాలి పిక్క పట్టేసింది. యేసయ్య కూలబడ్డాడు. అప్పటిదాకా వెనక ఉన్న మిర్యాలగూడ బీరయ్య అతన్ని దాటుకుని సాగిపోయాడు. హైదరాబాదు అట్లా కళ్ళ ముందే దూరమైపోతుంటే యేసయ్యకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో కుండతో అచ్చమ్మ రోడ్డు మీదికి వచ్చింది.

"నాతోని గాదే అచ్చీ. సారు చెప్పిందే నిజం."

అచ్చమ్మ కుండ దించి, అతని కాలు ఒళ్ళో పెట్టుకుని పిక్క పిసికింది. మోకాళ్ళ దాకా ఆమెకు మడి బురద.

"లే. నీకు కాళ్ళే నొస్తున్నయి, నాకు చంక గూడ నొస్తున్నది."

అంత నొప్పిలోనూ యేసయ్యకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే లేచాడు. కుంటుతూ మొదలుపెట్టి, కుంటడం మరిచిపోయి, కోదాడ పొలిమేరలో బీరయ్యను పట్టేశాడు. బస్టాండు ముందు కట్టిన దారం ఛాతీతో తెంపేసరికి, దానికి అవతల కుండ పట్టుకుని అచ్చమ్మ కనిపించింది.

జనం యేసయ్యను భుజాల మీదికెత్తారు. రామ్మూర్తి గారు సైకిలు కింద పడేసి వచ్చి కావలించుకున్నారు.

"పొట్టి పందెమూ మనోడిదే, పొడుగు పందెమూ మనోడిదే! ఇంత దమ్మున్న మనిషిని నేను చూడలే! హైదరాబాదుకు తయారుగా ఉండు!"

యేసయ్య రొమ్ము కుండంత పొంగింది. మాస్టరు గారు అచ్చమ్మ వైపు తిరిగారు. పాపం, ఆమె బస్టాండు గోడకు ఆనుకుని రొప్పుతోంది.

"సూసినవా తల్లీ, బస్సుల కూసోని వచ్చినందుకే ఇంత ఆయాసం. ఇగ ఉరికితే ఏమైపోదువో!"

అచ్చమ్మ కుండ ఎత్తి, అడుగున మిగిలిన మజ్జిగ వెన్నతో సహా గటగటా తాగింది. అది చూసి యేసయ్య, ఈమె పొద్దటి నుంచి తనకు పోయడమే గానీ ఒక్క గుక్కా తాగలేదని అప్పుడు గుర్తించాడు.

అంతలో ఖాకీ చొక్కా కండక్టరు ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి అచ్చమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"అక్కా, కుండ ఉన్నదని ఇయాల ఒక్క బస్సు గూడ నిన్ను ఎక్కించుకోలే, మనసుల పెట్టుకోకు."