మిగిలిన ఒక్క రెంచి

పనిముట్ల షాపులో చవక టార్క్ రెంచి ఒక్కటే మిగిలింది. అదీ ఒక పెద్దావిడ చేతిలో ఉంది.

అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆస్పత్రి లాండ్రీలో వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చాడు. కాళ్ళు పీకేస్తున్నాయి.

"మిగతావి చూడండి సార్," అన్నాడు షాపువాడు. "ఇది డిజిటల్. అంకెలు కనిపిస్తాయి."

అతను ధర చూసి దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు.

"ఇంకొంచెం తక్కువలో?"

"ఇదుంది. కానీ కార్లకి. సైకిల్‌కి వాడితే ఇది టిక్కుమనేలోపే బోల్టు తెగి కూర్చుంటుంది."

"చవకవి మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"చెప్పలేను సార్. వస్తే వచ్చినట్టు."

ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చిన పని ఇది. కూతురికి సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొన్నప్పుడే అమ్మినవాడు చెప్పాడు. తేలికరకం హ్యాండిల్, బోల్టు వదులైతే జారుతుంది, ఎక్కువ బిగిస్తే చిట్లుతుంది, సరిగ్గా బిగిసిన చోట టిక్కుమని చెప్పే రెంచి ఒకటి ఇంట్లో ఉంచుకోమన్నాడు.

ఈ ఏడాదిలో సైకిల్‌కి ఏమీ కాలేదు. భార్య నస మాత్రం ఆగలేదు. ఇవాళ ఖాళీ చేతులతో వెళ్తే అన్నం కంటే ముందు అదే వడ్డిస్తుంది.

పెద్దావిడ రెంచిని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూస్తోంది.

"అమ్మగారూ, తీసుకుంటున్నారా, ఊరికే చూస్తున్నారా?" విసుగు దాచుకునే ఓపిక కూడా లేదతనికి.

"తీసుకుందామనే బాబూ. మీకూ ఇదే కావాలా?"

"మా అమ్మాయి సైకిల్‌కి. రోజూ కాలేజీకి దాని మీదే వెళ్తుంది."

"మీరే చూసుకుంటారా?"

"నేనే చూడాలి. ఇంకెవరు చూస్తారు?"

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసింది. రెంచిని అతని చేతిలో పెట్టింది.

"తీసుకోండి. చిన్న బోల్టులకి ఇది చాలు. పనయ్యాక స్ప్రింగ్ వదులు చేసి పెట్టండి, పాడవకుండా ఉంటుంది."

మరి మీకో అని అడగాలని కూడా తోచలేదతనికి. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని గబగబా డబ్బిచ్చి బయటపడ్డాడు.

"తెచ్చారా?" అంది భార్య, ఇంట్లో అడుగుపెట్టగానే.

"తెచ్చాను."

"మరి బిగించండి."

"ఆదివారం చూస్తాలే. ఒళ్ళు హూనమైపోయింది."

ఆ ఆదివారం ఇంకో షిఫ్టు పడింది. తర్వాతి ఆదివారం నిద్ర లేచేసరికే సాయంత్రమైంది. రెంచి డబ్బా మూత తీయకుండానే బీరువా మీద ఉండిపోయింది.

నెల తిరిగేసరికి, కాలేజీ మలుపులో కూతురి చేతుల్లో హ్యాండిల్ జారిపోయింది. ముంజేయి విరిగింది.

కట్టు కట్టించి, పిల్లని ఇంట్లో దింపి, సైకిల్ కోసం కాలేజీ స్టాండుకి వెళ్ళాడు. కాపలాదారు మూలనున్న సైకిల్ తీసిచ్చాడు.

"ఏడాదిపాటు నిక్షేపంగా ఉంది. ఇప్పుడే ఎందుకు జారిందో," అన్నాడతను, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఏడాదిపాటు చూసే మనిషి ఉంది కదా సార్."

"ఎవరు?"

"ఒక పెద్దావిడ. పిల్లలంతా క్లాసుల్లోకి వెళ్ళాక వచ్చి, ఎవరూ అడక్కపోయినా అన్ని సైకిళ్ళ బోల్టులూ చూసుకుంటూ పోయేది. మీ అమ్మాయిదైతే వారం వారం బిగించేది, ఊరికే వదులవుతోందని."



"ఇప్పుడు రావట్లేదా?"

"రెంచి పాడైంది సార్. ఇంకోటి దొరికేలోపే ఆవిడ చెల్లెలు వచ్చి తన ఊరికి తీసుకెళ్ళిపోయింది. ఏ ఊరో కూడా అడగలేదు నేను."



"షాపులో ఉంటాయిగా. కొనుక్కోలేకపోయిందా?"

"కొనడానికే వెళ్ళింది సార్. అక్కడ ఎవరో ఆడపిల్ల తండ్రి కనిపిస్తే, చూసుకునే మనిషి ఇంట్లోనే ఉన్నప్పుడు అది ఆయన దగ్గరుండటమే మంచిదని, చేతిలోది ఇచ్చేసి వచ్చిందట."