చదవకుండా వదిలిన పేర్లు

పోలీసు అమీను ఉర్దూలో రాసిన కాగితాన్ని ఠాణా గచ్చు మీద కూర్చున్న బాలకిష్టయ్య ఒళ్లోకి విసిరాడు.

"మీ నాయనకు చదివి చెప్పు. ఆయన వేలిముద్ర వేస్తే ఇద్దరూ ఇంటికి పోవచ్చు."

గద్వాల విద్యార్థుల చర్చా సంఘానికి బాలకిష్టయ్య కార్యదర్శి. జనానికి మాట్లాడే స్వేచ్ఛ ఉండాలా, వద్దా అని చర్చ పెట్టించినందుకు ఆ పొద్దున అతణ్ని ఠాణాకు పట్టుకొచ్చారు. తండ్రి ఈశ్వరయ్య మగ్గం దిగి వెనకాలే వచ్చాడు. ఆయనకు చదువు రాదు.

బాలకిష్టయ్య పై రెండు వరుసల మీద వేలు జరిపి ఆపాడు. "నీ కొడుకు ఇంక సంఘం నడపడని రాసిండ్రు నాయనా. అంతే."

ఈశ్వరయ్య సిరా అంటిన బొటనవేలిని కాగితం దాకా తెచ్చి ఆపాడు. "కింద ఇంకా రాసి ఉన్నది గద బిడ్డా. అది చదవకపోతివి."

"అవి పేర్లు."

"ఎవరియి?"

"నన్ను చెడగొట్టినోళ్లంట. మా సంఘంల ఉండే దేవదాసు, రామస్వామి, ఇంకా నలుగురు." అతను కాగితాన్ని తండ్రి వేలి కిందికి జరిపాడు. "వెయ్యి నాయనా. లేకుంటే నన్ను జేల్ల పెడ్తరు."

ఈశ్వరయ్య బొటనవేలిని ధోవతికి తుడుచుకున్నాడు.

"అమీన్ సాబ్, ఆ పిల్లలు కూసొని మాట్లాడింది మా ఇంట్లనే. కూసొమ్మన్నది నేను. జర నా పేరు రాయుండ్రి."

అమీను కళ్లెర్రజేసి, ముసలాణ్ని లోపల వెయ్యమన్నాడు. జవాను రెక్క పట్టి లేపితే ఈశ్వరయ్య నిలబడలేకపోయాడు. మోకాళ్లు రెండూ గడగడా వణుకుతున్నాయి.

తనకంటే నాయనే ఎక్కువ భయపడుతున్నాడని బాలకిష్టయ్యకు అప్పుడు తెలిసింది. కాగితాన్ని గచ్చు మీద పెట్టి లేచాడు. తండ్రి చంక కింద చెయ్యి వేసి, ఆయనతోపాటు తనూ లోపలికి నడిచాడు.