తుండుగుడ్డ కింద బిల్లు

గూడూరు షెడ్డు మెకానిక్కు జ్ఞానప్రకాశం, చెంచురామయ్య కారుకు మూడొందల నలభై అంటున్నాడంట.

ఈ మాట ఎదురింటి మాలకొండమ్మ చెప్పింది. ఆమెకు తమ్ముడు చెప్పినాడు. తమ్ముడు గూడూరులో టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఎవరో అనుకోగా విన్నాడు. మధ్యాహ్నానికి ఊరంతా బిల్లు సంగతే.

చెంచురామయ్య నడుముసంచి తడుముకున్నాడు. మద్రాసులో ఎవరో డాక్టరు వదిలించుకున్న పాత కారు అది. చిల్లకూరు చుట్టుపక్కల మోతుబరులకే లేని కారు తనకుందని రెండేళ్లుగా మీసం దువ్వుతున్నాడు. పోయిన నెల అది నడిరోడ్డు మీద నల్లటి పొగ కక్కి కూలబడింది. రెండు జతల ఎద్దుల్ని కట్టి గూడూరు దాకా ఈడ్పించి, "చూసి కబురు పెట్టు" అని షెడ్డులో వదిలేసి వచ్చాడు.

వేరుశనక్కాయలు అమ్మిన రెండు వందలు నడుముకున్నాయి. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా కారు షెడ్డులోనే.

"ఆదివారం కారులో వస్తామని బోగోలులో మా అక్కకు కబురు పెట్టినా," అంది పెళ్లాం పెంచలమ్మ. "కారు లేకుండా ఇంటికి రాబాక."

బిల్లు న్యాయమో కాదో తేల్చేదానికి ఇంజను తెలిసినవాడు ఊళ్లో లేడు. బేరం తెలిసినవాడున్నాడు. హజరత్తయ్య. ఎద్దుల సంతలో ముప్పై ఏళ్ల దళారి.

"కారు సంగతి నాకేం తెలుసురా?" అన్నాడు హజరత్తయ్య.

"నాలుగు కాళ్లుండాయి, ముందర మొగముండాది, తాగితేగానీ కదలదు. ఎద్దుకూ దానికీ తేడా ఏముంది మామా?"

హజరత్తయ్యకు అది సబబుగానే తోచింది. తుండుగుడ్డ భుజాన వేసుకుని బస్సెక్కాడు.

షెడ్డులో కారు ఇటుకల మీద ఉంది. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి.

"కాళ్లేవిరా?" అన్నాడు హజరత్తయ్య.

"కడగను తీసుంటాడులే మామా."

జ్ఞానప్రకాశం చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "రాండన్నా, కబురందిందా? మూడొందల నలభై. అసలు సంగతేందంటే..."

హజరత్తయ్య చెయ్యెత్తాడు. "నోటితో ధర చెప్పేది వంకాయల బేరం. చెయ్యి ఇట్టియ్యి."

ఇద్దరి చేతుల మీదా తుండుగుడ్డ పడింది. సంతలో అదే పద్ధతి. ధర గుడ్డ కింద వేళ్లు మాట్లాడతాయి. నోరుండేది సరుకును తిట్టేదానికే. చివర చేతిలో చెయ్యి చరిచితే ఇక బ్రహ్మ వచ్చినా బేరం తిరగదు.

"ఇదేం బండి?" మొదలుపెట్టాడు హజరత్తయ్య. "ఒళ్లంతా తుప్పు. కళ్లకు పొర. దీని మొగానికి మూడొందల నలభయ్యా?"

జ్ఞానప్రకాశం నోరు తెరిచాడు. "పెద్దాయనా, నేను చెప్పేది..."

"నోరు! వేలు చెప్పు."

వేలు చెప్పింది. మూడొందల నలభై మూడొందలయింది.

చెంచురామయ్య మనసు చివుక్కుమంది. "మామా, మరీ అంత చెత్తగా తిడితే..."

"నువ్వుండరా. తిట్టేకొద్దీ దిగతాది."

నిజంగానే దిగుతోంది. రెండొందల డెబ్బై. రెండొందల నలభై. హజరత్తయ్య గుడ్డ కింద చెయ్యి వదలకుండానే జ్ఞానప్రకాశాన్ని కారు వెనక్కి లాక్కుపోయి, రెండో చేత్తో దాని పిర్ర మీద ఒకటి చరిచాడు. అరచేతిలోకి ఇంత రంగు ఊడొచ్చింది. రెండొందల ఇరవై.

చెంచురామయ్యకు హుషారొచ్చింది. ఇన్నాళ్లూ కన్నతల్లికి కూడా చెప్పని గుట్టంతా బయటపెట్టాడు.

"వానొస్తే లోపల గొడుగు పట్టుకోవాల!"

"అట్నా అన్నా?" అన్నాడు జ్ఞానప్రకాశం. వేలు పది దిగింది.

"వెనక సీటులో ఎలుక ఈనింది. రెండు ఈతలు!"

ఇంకో పది.

"తలుపేస్తే ఊడతాది. ఊడిందాన్ని మా ఆవిడ ఒళ్లో పెట్టుకుని కూచుంటాది!"

హజరత్తయ్య నవ్వాపుకోలేక దగ్గాడు. జ్ఞానప్రకాశం మొహంలో మొదట అయోమయం, ఆ తర్వాత ఆశ్చర్యం, చివరికి భక్తి. ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు. ఇట్టాంటి మనుషుల్ని చూడలేదు.

"అన్నా, ఒక్క మాట చెప్పనీండి. రేపు మీరే బాధపడతారు."

"బాధ నీకా మాకా? గుడ్డ కింద చెయ్యి పెట్టినాక మాటల్లేవు!" అన్నాడు హజరత్తయ్య.

"మీ ఇష్టం," అన్నాడు జ్ఞానప్రకాశం.

చెయ్యి చరిచిన చప్పుడుకు రేకుల మీది కాకులు లేచిపోయాయి.

"నూట ఎనభై!" అన్నాడు హజరత్తయ్య, గుడ్డ దులిపి.

చెంచురామయ్య ఆయన్ను ఎత్తి గిరగిరా తిప్పినంత పనిచేశాడు. రెండొందల్లో ఇరవై మిగిలింది. ఆ ఊపులో అందరికీ కాఫీలు తెప్పించాడు. మైసూరుపాకు తెప్పించాడు. రోడ్డు మీద పోయే రిక్షావాణ్ణి కూడా పిలిచి తినమన్నాడు. ఒక పొట్లం పెంచలమ్మకు కట్టించాడు. బోగోలు వదినకు ఇంకోటి.

"నూట అరవై పీకినాం మామా! మన దెబ్బకు మెకానిక్కు కుదేలు!"

కుదేలైన మెకానిక్కు రెండో మైసూరుపాకు తింటున్నాడు.

చెంచురామయ్య నడుముసంచి విప్పి, తడి వేలితో నూట ఎనభై లెక్కపెట్టి ముందుకు చాచాడు. అప్పుడే జ్ఞానప్రకాశం కూడా సొరుగులోంచి నోట్లు తీసి ఇటు చాచాడు. రెండు చేతులూ ఎదురెదురుగా గాలిలో ఆగిపోయాయి.

"ఇదేంది?" అన్నాడు చెంచురామయ్య.

"నూట ఎనభై."

"నువ్వు నాకిచ్చేదేందయ్యా?"

"బాగయ్యే బండి కాదు, పాత ఇనుము కింద మూడొందల నలభైకి నేనే కొనుక్కుంటానని కబురు పెడితే, మీరిద్దరూ కిందా మీదా పడి నూట ఎనభైకి దించితిరి, ఇంక నేనియ్యకుంటే ఎవురిస్తారన్నా?"