పెన్సిల్ పెద్దాయన

"ఆ బిల్లు ఓసారి ఇలా ఇవ్వమ్మా."

ఆసుపత్రి క్యాష్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డ వ్యానక్క వెనక్కి తిరిగింది.

డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా. చెవి మీద అరిగిపోయిన పెన్సిల్ ముక్క.

"ఎందుకివ్వాలి?"

"చదవడానికి."

"నాకూ చదువొచ్చు."

"వచ్చులే తల్లీ. కానీ వీటిని మనం చదవాలని రాయరు, కట్టాలని రాస్తారు."

స్కూలు పిల్లల్ని సొంత వ్యాన్‌లో దింపి తెచ్చే పని కాబట్టి అందరికీ ఆమె వ్యానక్కే. ఇరవై రెండేళ్ల తమ్ముడు నెల రోజులుగా ఇక్కడి మానసిక వార్డులో ఉన్నాడు. ఎవరూ లేని గదిలో ఎవరో తిడుతున్నారంటూ వారం పాటు అన్నం ముట్టకపోతే తెచ్చి చేర్చింది. వాడికి అక్కా తనే, అమ్మా తనే.

విసుక్కుంటూనే కాగితం చేతికిచ్చింది.

పెద్దాయన ఒక వరస కింద గీత గీశాడు.

"ప్రత్యేక సహాయకుడు, తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ మీవాడి పక్కన కూర్చున్నదెవరు?"

"నేనే. కూర్చునే నిద్రపోయాను."

"మరి ఈ జీతం నీకిచ్చారా?"

వెనకున్నవాళ్లు కిసుక్కుమన్నారు. కౌంటర్‌లో అమ్మాయి పెద్దాయన్ని చూసి, "వచ్చారూ!" అని నిట్టూర్చి వార్డు నుంచి ఫైలు తెప్పించింది. పావుగంటలో ఆ వరస కొట్టేశారు.

బయటికొచ్చాక వ్యానక్క ఆయన్ని నిలదీసింది.

"ముందు సాయం, వెనకే చెయ్యి చాపడం. ఇలాంటివాళ్లని చాలామందిని చూశాను. మీ కమీషన్ ఎంతో చెప్పండి."

"ఏమీ వద్దు. మీవాణ్ని ఎప్పటిదాకా ఉంచమన్నారు?"

"ఇంకో నెల. ఉంచాలంటే వ్యాన్ అమ్మాలి. అమ్మితే తినేదేమిటి? రేపు ఇంటికి తీసుకెళ్లిపోతున్నా."

"మందులో?"

"ఇంకెక్కడి మందులు! పోసిందంతా ఇసకలోనే ఇంకిపోతోంది. ఈ జబ్బొచ్చినవాడు మళ్లీ మామూలు మనిషయ్యాడని ఎక్కడన్నా విన్నారా?"

పెద్దాయన ముఖంలో నవ్వు చెదిరింది.

"తొందరపడకు. రేపు డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను."

"మీ పని మీరు చూసుకోండి!"

అంత మాటన్నా మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ గది ముందు ఆమెకంటే ముందే నిలబడి ఉన్నాడు. పిలవకుండానే లోపలికొచ్చాడు.

"డాక్టరుగారూ, వీళ్లకి మందు కంటే పడక బరువైపోయింది. కుర్రాణ్ని పగటి వార్డుకి మారిస్తే? పొద్దున్న వస్తాడు, సాయంత్రం ఇంటికి పోతాడు. ఇంజెక్షన్ కూడా అదే మందు వేరే కంపెనీది మూడో వంతుకే దొరుకుతోంది."

డాక్టరమ్మ ఫైలు తిరగేసింది.

"ఇంకో వారం చూసి మారుస్తాను. కానీ ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి."

"మనిషి ఎదురుగానే ఉంది కదండీ," అన్నాడు పెద్దాయన.

వ్యాన్ అమ్మలేదు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి, వెనక సీట్లో కూర్చున్న తమ్ముణ్ని వార్డులో దింపేది. సాయంత్రం పిల్లల్ని ఇళ్లకు చేర్చి, చివర్లో వాణ్ని ఎక్కించుకునేది.

పెద్దాయన కనిపించినప్పుడల్లా డబ్బు ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని కాచుకుని చూసింది. ఆయన బెంచీ మీద మరొకరి బిల్లు మీదికి వంగి కనిపించేవాడు, తలెత్తితే "ఎలా ఉన్నాడమ్మా?" అనేవాడు. అంతే. ఈమె తలూపి వెళ్లిపోయేది.

పది నెలలు గడిచాయి. తమ్ముడు పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో కుదిరాడు. మొదటి జీతం అందుకున్న రోజు వాడే అన్నాడు.

"అక్కా, ఆయన్ని ఓసారి చూసొద్దాం."

ఇద్దరూ వెళ్లారు. బెంచీ మీద వేరెవరో కూర్చుని ఉన్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్ద నర్సుని అడిగారు.

"పోయిన నెల వెళ్లిపోయారమ్మా. నిద్రలోనే."

వ్యానక్క గోడకి ఆనుకుంది.

"నేనాయన్ని కమీషన్ ఎంత అని అడిగాను సిస్టర్."

"అందరూ అడిగారులే. ఆయనేమీ పట్టించుకునేవారు కాదు."

"డబ్బు తీసుకోకుండా ఎందుకు చేసేవారు? ఆడిటరా?"

"ఆడిటర్ కాదు, లెక్కల మాస్టారు. ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పారు. సంగతేమిటో ఆయనేం దాచుకోలేదమ్మా, అడిగినవాళ్లందరికీ చెప్పేవారు. నువ్వే అడగలేదు."

నర్సు ఒక్కసారి తమ్ముడి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ముప్పయ్యేళ్ల కిందట మీవాడి జబ్బుతోనే ఈ వార్డుకొచ్చారు, ఆయన్ని మామూలు మనిషిని చెయ్యడానికి వాళ్లక్క ఉన్న ఒక్క ఇల్లూ అమ్ముకుంది."