గాలి మూల

జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో మద్రాసు పిల్ల ఒకతె దిగిందనీ, పొద్దుగూకే వేళ డ్యామ్ కట్ట మీద నిలబడి గుప్పెడు పొట్టు గాలికి ఎగరేస్తోందనీ, అది ఎటు పడుతుందో చూసి తనలో తనే నవ్వుకుంటోందనీ ఎదురింటి ఖాజాబీ చెప్పిందట.

లక్ష్మీకాంతమ్మ ఆ కబురును కాఫీ గ్లాసుతో పాటు మొగుడి ముందు పెట్టింది.

"పిచ్చిదేమో అంటాంది ఖాజాబీ."

గురివిరెడ్డి పట్టించుకోలేదు. ఆయన తలనిండా ఆదివారం పందెమే.

మైలవరం డ్యామ్ నీళ్ల మీద విండ్ సర్ఫింగ్ పందెం. పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను రెండు చేతులా పట్టుకొని, నీళ్లలో తేలేసిన ఎర్ర డ్రమ్ములను మెలికలు తిరుగుతూ చుట్టి రావాలి. స్లాలోమ్ అంటారని కొడుకు సుదర్శన్ చెప్పాడు. వాడు హైదరాబాదులో నేర్చుకొచ్చాడు.

పందెం పెట్టించిందే గురివిరెడ్డి. కొడుకు గెలవాలి, మంత్రి చేతుల మీదుగా కప్పు అందుకోవాలి, ఈసారి మండలం టికెట్టు ఈ పిల్లోడికేనని మంత్రి ఆ వేదిక మీదే అనాలి. ఎదుటి పార్టీ వాళ్లు కూడా చూడడానికి వస్తున్నారు. వాళ్ల కళ్ల ముందర ఓడితే తలెత్తుకోలేడు.

ఆదివారం పొద్దున, ఎవరు ఎక్కడ నుంచి బయలుదేరాలో తేల్చడానికి పోటీదారులంతా కట్ట మీద చేరారు. అందరికీ గట్టు దగ్గరి చోటే కావాలి. అక్కడ కాస్తోకూస్తో గాలి ఆడుతోంది. అదీ నిలకడ లేకుండా, ఒకసారి ఇటు, ఒకసారి అటు.

పోటీకి పేరిచ్చిన ఆ మద్రాసు పిల్ల మాత్రం దూరంగా కొండల వైపు చెయ్యి చూపించింది.

"సార్, నాకు ఆ చివర ఇస్తారా?"

ఆ మూల నీళ్లు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. కుర్రవాళ్లు ముసిముసిగా నవ్వారు.

పనికిరానిదాన్ని ఇవ్వాల్సి వస్తే గురివిరెడ్డి చెయ్యి చాలా పెద్దది.

"ఆ మూల ఎవురికి కావల్ల? తీసుకో తల్లీ. ఇంతమంది ముందర ఇస్తాండా, అది నీదే."

"థాంక్స్ సార్," అంది ఆ పిల్ల. ఈసారి ఆమె నవ్వలేదు.

పొద్దు వాలేసరికి మంత్రి వచ్చాడు. పందెం తుపాకీ పేలింది. రెండు పార్టీల వాళ్లూ అలవాటు కొద్దీ తలలు వంచి, తర్వాత ఒకరినొకరు చూసుకొని సిగ్గుపడ్డారు.

సుదర్శన్ అందరికన్నా ముందు మొదటి డ్రమ్ము తిరిగాడు. కట్టంతా ఈలలు. గురివిరెడ్డి మీసం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు గాలి చచ్చింది.

తెరచాపలు తడిబట్టల్లా వేలాడాయి. కుర్రవాళ్లు వాటిని ఊపి ఊపి పలకలను ముందుకు తోసుకోవాలని చూశారు. సుదర్శన్ పలక ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

ఆ చివర మద్రాసు పిల్ల ఊపడం లేదు. బస్సు వస్తుందని తెలిసినదానిలా నిలబడి ఉంది.

రెండు కొండల సందులో నుంచి నీటి మీద ఒక నల్లటి గీత బయలుదేరింది. అది వచ్చి తాకగానే ఆమె తెరచాప నిండుచూలాలి పొట్టలా ఉబ్బింది. పలక లేచింది. ఒక డ్రమ్ము, ఇంకో డ్రమ్ము చుట్టి, సుదర్శన్ పక్క నుంచే దూసుకుపోయింది.

"ఆడ నీళ్ల కింద మన పాత ఊరు ఓబులరేవుల గదా ఉండేది?" అంది లక్ష్మీకాంతమ్మ.

గురివిరెడ్డి మీసం మీది చెయ్యి దించాడు.

ఆ మూల నీళ్ల కింద ఉన్నది కళ్లం. ఊళ్లో ఆకు కదలని రోజున కూడా, పొద్దు వాలితే కొండల సందులోంచి గాలి అక్కడికి వచ్చేది. ఊరంతా కొర్రలూ జొన్నలూ తూర్పారబట్టుకోవడానికి ఆ కళ్లం వైపే చూసేది. డ్యామ్ ముంచేనాటికి అది తనదే. అంతకు ముందు దాసయ్యది. ఒక ఎలక్షన్లో ఆ దాసయ్య ఎదుటి పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. తర్వాత పెళ్లాన్నీ చంటిబిడ్డనీ వెంటబెట్టుకొని ఊరు విడిచి పోయాడు. ఎందుకు పోయాడన్నది గురివిరెడ్డి ఎన్నడూ తలుచుకోలేదు. తన చేతితో ఏనాడూ చేట పట్టలేదు కాబట్టి ఆ గాలీ ఇంతవరకూ గుర్తుకు రాలేదు.

అవతల సుదర్శన్ నీళ్లలో పడ్డాడు. ఎదుటి పార్టీ వాళ్ల వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి.

అయితే గురివిరెడ్డి రాజకీయం నిన్న మొన్నటిది కాదు. కప్పు ఇచ్చే వేళకు మైకు ఆయన చేతిలోనే ఉంది.

ఈ బిడ్డను గెలిపించింది తమ ఊరి గాలేనని మంత్రికి విన్నవించాడు. ఆ నీళ్ల కింద ఉన్న కళ్లం తనదేనని, ఆ లెక్కన ఈ కప్పులో తనకూ భాగముందని అన్నాడు. మంత్రి నవ్వాడు. జనం కూడా నవ్వారు. పోయిన పరువు సగం వెనక్కి వచ్చినట్టే అనిపించింది.

ఆ ఊపులో మైకు ఆ పిల్ల ముందు పెట్టాడు.

"ఏ ఊరు తల్లీ మీది? ఆడ గాలి లేస్తాదని నీకెవురు చెప్పినారు?"

ఆమె ఒంటి నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. కప్పును చంకన పెట్టుకొని మైకు అందుకుంది. ఈసారి ఆమె నోట మద్రాసు మాట లేదు, సార్ అనే పిలుపూ లేదు.

"మా నాయన చెప్పినాడు రెడ్డీ, నేను ఓబులరేవుల దాసయ్య కూతురు విమలను, ఆయప్పను కొట్టించి నువ్వు తీసుకున్న కళ్లాన్ని, పొద్దున ఇంతమంది ముందర నువ్వే నాకు తిరిగి ఇచ్చినావు."